అలీ పిక్కలు, టైసన్ మోకాళ్లు: ఎవరి కాళ్లు ముందు ఆగుతాయి?

ప్రశ్న ఇది: మంచి ఊపులో ఉన్న ముహమ్మద్ అలీ, మంచి ఊపులో ఉన్న మైక్ టైసన్ ఒకే రింగ్‌లోకి దిగితే ఎవరు గెలుస్తారు? అడిగినాయన స్నేహితుల్లో కొందరు "అలీని టైసన్ ముట్టుకోలేడు" అంటున్నారట. ఇంకొందరు "రెండో రౌండు దాటదు" అంటున్నారట. షుగర్ రే రాబిన్సన్, ఫ్లాయిడ్ మేవెదర్ ఆడితే ఎలా ఉంటుందని కూడా అడిగారు. దాని గురించి మధ్యలో ఒక మాట చెప్తాను.

నేను కుర్రాడిగా రాష్ట్ర స్థాయి దాకా బౌట్లు ఆడాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా విశాఖలో పిల్లలకి బాక్సింగ్ నేర్పిస్తున్నాను. జవాబు ముందే చెప్పేస్తాను. పదిహేను రౌండ్ల ఫైట్ అయితే నా ఓటు అలీకి. పదో రౌండు దాటాక రిఫరీ ఆపేస్తాడు. కానీ మొదటి అయిదు రౌండ్లలో టైసన్ గెలిచే అవకాశం నిజంగా ఉంది. పదిసార్లు ఆడిస్తే మూడుసార్లు అలాగే ముగుస్తుందని నా లెక్క. ఆ మూడింటిని తీసిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను.

ముందు రెండు వీడియోలు పక్కన పెట్టండి. ఈ వాదనలు చెడేదే వాటివల్ల.

ఒకటి, 1966 నవంబరు 14న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో అలీ, క్లీవ్‌లాండ్ విలియమ్స్ ఫైట్. అలీ గాల్లో తేలుతున్నట్టు తిరుగుతాడు, వెనక్కి వెళ్తూ కూడా కొడతాడు, మూడో రౌండులో అయిపోతుంది. అలీ శిఖరం అదేనని అందరూ చూపిస్తారు. ఆ రోజు అలీ పాదాలు, చేతుల వేగం చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, అది ఒప్పుకుంటాను. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఎవరు? రెండేళ్ల క్రితం పోలీసు తుపాకీ గుండు తిని, ఒక కిడ్నీ పోగొట్టుకుని, బతికి బయటపడ్డవాడు. ఎదురు ఒత్తిడి లేనప్పుడు అలీ ఎంత అందంగా ఆడగలడో ఆ వీడియో చెబుతుంది. ఒత్తిడి వస్తే ఏం చేస్తాడో చెప్పదు.

రెండోది, 1988 జూన్ 27న అట్లాంటిక్ సిటీలో టైసన్ మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేసిన ఫైట్. స్పింక్స్ అంతవరకూ ఓటమి ఎరగనివాడు, తెలివైన బాక్సర్. కానీ ఆ రాత్రి బెల్ మోగకముందే అతని ముఖంలో ఫైట్ అయిపోయింది. భయపడ్డవాడి మీద టైసన్ ఎలా ఉంటాడో మాత్రమే ఆ వీడియోలో తెలుస్తుంది. అందరూ భయపడే సోనీ లిస్టన్ ముందు నిలబడి నోటికొచ్చినట్టు రెచ్చగొట్టిన అలీ మీద ఎలా ఉంటాడో తెలియదు.

నేను ఎంచుకునే అలీ 1967 మార్చి 22 నాటివాడు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జోరా ఫోలీతో ఆడిన రాత్రి. ఫోలీ చక్కగా నేర్చుకున్న బాక్సర్, మొదట్లో అలీని బాగానే ఆపాడు. అలీ ఓపికగా అతన్ని చదివాడు, నాలుగో రౌండులో ఒకసారి పడేశాడు, ఏడో రౌండులో కుడిచేత్తో ముగించాడు. ఆ తర్వాత సైన్యంలో చేరనన్నందుకు మూడున్నరేళ్లు రింగ్ నుంచి దూరం చేశారు. ఇరవై అయిదేళ్ల వయసులో, ఇంకా పైకి ఎక్కుతున్న మనిషిని ఆపేశారు. దాని గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అసలు అలీ శిఖరం ఎవరూ చూడలేదేమో అనిపిస్తుంది.

టైసన్ విషయంలో 1987 అక్టోబరు నుంచి 1988 జూన్ దాకా ఏ రాత్రి అయినా సరే. కోచ్ కెవిన్ రూనీ ఇంకా అతని కార్నర్‌లోనే (రింగ్ మూలలో సలహాలిచ్చే జట్టులో) ఉన్నాడు, తల కదలిక ఇంకా ఉంది. రూనీని 1988 చివర్లో తీసేశాక టైసన్ ఒక్కో పంచ్‌తో పడెయ్యాలని చూసే బాక్సర్‌గా మారిపోయాడు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిన టైసన్‌ని ఈ లెక్కలోకి తేవడం అన్యాయం. ఆ ఫైట్‌లో కొన్ని పాఠాలు ఉన్నాయి కానీ తీర్పు లేదు.

ఇక కొలతలు. అలీ 191 సెంటీమీటర్ల ఎత్తు, చేతుల చాపు 198 సెంటీమీటర్లు. టైసన్ 178, చేతుల చాపు 180. బరువులో టైసనే రెండు మూడు కిలోలు ఎక్కువ, సుమారు 99 కిలోలు. అంటే ఇక్కడ పెద్దవాడు, చిన్నవాడు అని లేదు. ఒకే బరువు, ఒకటి పొడుగ్గా పోతపోశారు, ఇంకొకటి పొట్టిగా.

ఈ రెండు శరీరాల మధ్య జరిగేది అర్థం కావాలంటే మా శిక్షణలో ఒక చిన్న విషయం చెప్పాలి. గదికి అడ్డంగా, పిల్లవాడి భుజం ఎత్తులో ఒక తాడు కడతాను. గార్డ్ (ముఖానికి అడ్డంగా చేతులు) పెట్టుకుని ఆ తాడు కింది నుంచి తల ఇటు దూర్చి అటు తీస్తూ ముందుకు రావాలి. నడుం వంచకూడదు, మోకాళ్లు వంచాలి. కళ్లు ఎదుటివాడి ఛాతీ మీదే ఉండాలి. మొదటి నిమిషం అందరూ బాగానే చేస్తారు. రెండో నిమిషానికి తొడలు మండుతాయి. మూడో నిమిషంలో చూడాలి. మోకాళ్లు వంగడం మానేస్తాయి, దాని బదులు నడుం వంగుతుంది, తల కిందికి పోతుంది, కళ్లు నేల చూస్తాయి. నేను ప్యాడ్ పట్టుకుని ఎదురుగా ఉంటాను కాబట్టి నాకు పిల్లవాడి నడినెత్తి కనిపిస్తుంది. నడినెత్తి కనిపించిందంటే అప్పర్‌కట్‌కి, అంటే కింది నుంచి గడ్డం మీదికి వేసే దెబ్బకి, వేళయిందన్నమాట. "కళ్లు పైకి" అని అరుస్తాను. పది సెకన్లు పైకి ఉంటాయి, మళ్లీ కిందికే.

టైసన్ ఆటంతా ఆ తాడు కిందే ఉంది. గురువు కస్ డమాటో అతనికి క్యాట్స్‌కిల్ అనే ఊళ్లో నేర్పింది అదే. రెండు గ్లవ్స్ చెంపలకి ఆనించి, జాబ్ (ముందుచేత్తో నేరుగా విసిరే దెబ్బ) వస్తే తల తన కుడిపక్కకి తీసుకుని ఆ చేతి బయటికి జారడం. జారగానే బరువు కుడికాలి మీద పడుతుంది. అక్కడి నుంచి కుడిచేయి డొక్కలోకి, వెంటనే అదే చేయి గడ్డం కిందికి. ఎడమపక్కకి జారితే అక్కడి నుంచి ఎడమ హుక్, అంటే చేయి మడిచి పక్క నుంచి కొట్టే దెబ్బ. డిఫెన్స్ వేరు, దాడి వేరు కాదు. తప్పుకోవడంలోనే దెబ్బ తయారవుతుంది. బాక్సింగ్‌లో ఇంతకంటే గొప్ప నేర్పు నేను చూడలేదు. కానీ దానికి మోకాళ్ల బలం కావాలి, అది రౌండు రౌండుకీ ఖర్చవుతుంది.

అలీ కూడా కాళ్లనే ఖర్చు పెడతాడు, కాకపోతే పిక్కల్ని. పాదాల మునివేళ్ల మీద తిరుగుతూ ఎడమచేత్తో జాబ్ విసురుతాడు. తల పక్కకి తియ్యడు, వెనక్కి లాగుతాడు. చేతులు నడుం దగ్గర ఉంటాయి. నా దగ్గర పిల్లలెవరైనా ఇలా చేస్తే ఒప్పుకోను. అలీకి చెల్లిందంటే దూరం మీద అతనికున్న పట్టు వల్లే. వెంట్రుకవాసిలో దెబ్బ తప్పిపోయేది.

అయితే ఆ లెక్క తప్పించింది ప్రతిసారీ ఒకటే దెబ్బ: ఎడమ హుక్. 1962లో సోనీ బ్యాంక్స్ మొదటి రౌండులోనే పడేశాడు. 1963 జూన్‌లో వెంబ్లీలో హెన్రీ కూపర్ నాలుగో రౌండు ఆఖరి సెకన్లలో పడేశాడు, బెల్ కాపాడింది. 1971 మార్చి 8న జో ఫ్రేజర్ పదిహేనో రౌండులో పడేశాడు. ముగ్గురూ ఎడమ హుక్‌తోనే. ఇప్పుడు టైసన్‌ని తలచుకోండి. గాల్లోకి లేస్తూ కొట్టే ఎడమ హుక్, ఈ ముగ్గురికంటే వేగంగా. టైసన్ వైపు మాట్లాడేవాళ్లకి ఇదే అసలైన ఆధారం. కానీ వాళ్లు ఎప్పుడూ 91 సెకన్లే చూపిస్తారు.

ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వంగి వచ్చేవాడికి మందు అప్పర్‌కట్. 1987 ఆగస్టులో టోనీ టక్కర్ మొదటి రౌండులోనే ఎడమ అప్పర్‌కట్‌తో టైసన్‌ని కుదిపాడు. డగ్లస్ టోక్యోలో పదో రౌండులో ముగింపు మొదలుపెట్టింది కూడా అప్పర్‌కట్‌తోనే. మరి అలీ అప్పర్‌కట్ ఎలా ఉంటుంది? అది వెయ్యడానికి కుడిచేయి కిందికి దించుతాడు. ఆ క్షణంలో గడ్డం కుడివైపు ఖాళీ. ఫ్రేజర్ కార్నర్‌లో ఉన్న కోచ్ ఎడీ ఫచ్ దీన్ని కనిపెట్టాడు: వాడు అప్పర్‌కట్‌కి చెయ్యి దించినప్పుడు నువ్వు హుక్ వెయ్యి అన్నాడు. పదిహేనో రౌండులో అలీ పడింది సరిగ్గా అలాగే. అంటే టైసన్‌కి ఏ మందు వెయ్యాలో, ఆ మందే అలీని పడేస్తుంది. నేను అలీ కార్నర్‌లో ఉంటే మొదటి ఎనిమిది రౌండ్లు అప్పర్‌కట్ ఊసెత్తొద్దని చెప్తాను. జాబ్, అప్పుడప్పుడు నేరుగా కుడిచెయ్యి, దగ్గరికొస్తే క్లించ్ (పట్టుకోవడం). అంతే.

నా దృష్టిలో క్లించే ఈ ఫైట్‌ని నిర్ణయిస్తుంది.

1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్ టైసన్‌తో పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. ఎలా? పట్టుకున్నాడు. మొదటి నిమిషం నుంచి పట్టుకుంటూనే ఉన్నాడు. రిఫరీ పాయింట్లు కోసినా వదల్లేదు. చూడ్డానికి దరిద్రమైన ఫైట్, కానీ ఒక విషయం బయటపెట్టింది. పట్టుకున్నప్పుడు టైసన్ ఆగిపోతాడు. ఒక చేయి విడిపించుకుని పొట్టలో కొడుతూ ఉండొచ్చు. ఫ్రేజర్ అదే చేసేవాడు. టైసన్ మాత్రం రిఫరీ వచ్చి విడదీసేదాకా ఎదురు చూస్తాడు. విడదీశాక మళ్లీ దూరం నుంచి మొదలు, మళ్లీ తాడు కింది నుంచి రావాలి, మళ్లీ మోకాళ్ల ఖర్చు.

అలీకి పట్టుకోవడం బాగా వచ్చు. ఎడమ గ్లవ్ మెడ వెనక వేసి కిందికి లాగుతాడు, తన బరువంతా మెడ మీద మోపుతాడు. 70ల్లో ఫ్రేజర్ మీద, జార్జ్ ఫోర్‌మన్ మీద దీన్ని విపరీతంగా వాడాడు. 1967లో ఇంతగా వాడలేదు, అప్పటికి అవసరం పడలేదు. రాకపోవడం వేరు, అవసరం పడకపోవడం వేరు అంటాను నేను. 1964 ఫిబ్రవరిలో మయామిలో లిస్టన్‌తో అయిదో రౌండు చూడండి. కళ్లలో ఏదో పడి మంటతో సరిగ్గా చూడలేకపోతున్నాడు. ఎదురుగా ఆ కాలంలో అందరూ భయపడే మనిషి. ఎడమచేయి బారుగా చాచి లిస్టన్ ముఖానికి అడ్డం పెట్టి, ఆ చేతి తాకిడితో దూరం తెలుసుకుంటూ, గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు రౌండంతా గడిపేశాడు. రౌండు చివరికి చూపు తేరుకుంది. ఇరవై రెండేళ్ల పిల్లాడు. ఎవరూ నేర్పి ఉండరు అది.

మీ స్నేహితులు కచ్చితంగా టిరెల్ బిగ్స్ పేరు ఎత్తుతారు. 1984 ఒలింపిక్ విజేత, పొడుగరి, జాబ్ వేస్తూ తిరిగే రకం. 1987 అక్టోబరులో మొదటి రౌండు చక్కగా ఆడాడు, తర్వాత టైసన్ పొట్ట మీద పని చేసి చేసి ఏడో రౌండులో ముగించాడు. మంచి ఉదాహరణే. కానీ కాళ్లు ఆగిపోయాక బిగ్స్‌కి చెయ్యడానికి ఇంకేమీ లేదు. అలీకి అక్కడి నుంచి రెండో ఆట మొదలవుతుంది. కిన్షాసా ఫైట్‌లో రింగ్ తాళ్లకి ఆనుకుని ఫోర్‌మన్‌ని అలసిపోనిచ్చింది తిరగలేకే. ఈ మొత్తం జవాబులో నేను చెప్పేది ఇదొక్కటే: ఇద్దరూ కాళ్ల మీదే బతికేవాళ్లు, కాళ్లు ఆగాక అలీకి ఇంకో దారి ఉంది, టైసన్‌కి లేదు.

ప్యాటర్సన్ సంగతి కూడా చెప్పాలి. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ కూడా డమాటో శిష్యుడే, అదే గార్డ్, అదే ఎగిరి కొట్టే హుక్. 1965 నవంబరు 22న లాస్ వేగస్‌లో అలీ అతన్ని పన్నెండో రౌండు దాకా ఆడించి ఓడించాడు. సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత అదే తేదీన, అదే ఊళ్లో, ట్రెవర్ బెర్బిక్‌ని ఓడించి టైసన్ అతిచిన్న వయసు హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తేదీల విచిత్రం అలా ఉంచితే, ప్యాటర్సన్ ఫైట్‌ని పూర్తి సాక్ష్యంగా తీసుకోవద్దు. అతను టైసన్ కంటే దాదాపు 10 కిలోలు తక్కువ, పైగా ఆ రాత్రి నడుం పట్టేసింది.

ఇలాంటి ఊహల పోటీలు కొత్తవి కావు. 1969లో అలీనీ, ఎప్పుడో రిటైరైన రాకీ మార్సియానోనీ మయామిలో కెమెరా ముందు నిలబెట్టి ఉత్తుత్తి రౌండ్లు ఆడించారు, ఫలితం కంప్యూటర్ చెప్పిందన్నారు. అమెరికాలో చూపించిన దాంట్లో పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. ఐరోపాలో అలీ గెలిచాడు. అది విడుదలయ్యేలోపే మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కంప్యూటర్ లోపల ఏమున్నా, ఎవరికి ఏది అమ్ముడుపోతుందో దాన్ని బట్టి ముగింపు మారింది. అందుకే నేను అంకెలకంటే, పరిస్థితి ఎదురు తిరిగినప్పుడు మనిషి ఏం చేశాడన్న దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

రాబిన్సన్, మేవెదర్ గురించి ఒక మాట. 147 పౌండ్ల దగ్గర రాబిన్సన్‌కి వేస్తాను, పాయింట్ల మీద. మేవెదర్ 130 పౌండ్ల నుంచి పైకి వచ్చినవాడు, రాబిన్సన్ మూడు అంగుళాలు పొడుగు. రాబిన్సన్ 1943 ఫిబ్రవరిలో లామోటా చేతిలో ఓడాక 1951 జులైలో టర్పిన్ దాకా ఎవరికీ ఓడలేదు. మేవెదర్ డిఫెన్స్ ఒక పంచ్‌కీ రెండు పంచ్‌లకీ అద్భుతం. రాబిన్సన్ అయిదారు కలిపి వేస్తాడు. అయినా ఇది దగ్గరి ఫైట్, గట్టిగా పందెం కాయను.

మళ్లీ మనవాళ్ల దగ్గరికి. ఎవరు ఎవరి కాలానికి వెళ్తున్నారన్నది కూడా ముఖ్యం. 1967 నిబంధనలైతే పదిహేను రౌండ్లు. అలీ అప్పటికే షువాలోతో, టెరెల్‌తో పదిహేను పూర్తి చేశాడు. టైసన్ పన్నెండు దాటి ఎప్పుడూ ఆడలేదు. 1988 నిబంధనలైతే పన్నెండే. అప్పుడు నా ఏడు, మూడు లెక్క ఆరు, నాలుగు అవుతుంది. ఇంకోవైపు, టైసన్ మేనేజర్ జిమ్ జేకబ్స్ దగ్గర పాత ఫైట్ల ఫిల్ములు గుట్టలుగా ఉండేవి. టైసన్ కుర్రాడిగా రాత్రిళ్లు అవే చూస్తూ పెరిగాడు. కూపర్ హుక్, ఫ్రేజర్ హుక్ అతనికి కంఠతా. అలీకి టైసన్ గురించి ఏమీ తెలియదు. ఇది చిన్న విషయం కాదు, మొదటి రెండు మూడు రౌండ్లలో కనిపిస్తుంది.

నా కళ్లకి కనిపించే ఫైట్ ఇలా ఉంటుంది. మొదటి రెండు రౌండ్లు టైసన్‌వే. అలీ అనుకున్నదానికంటే దూరం త్వరగా తగ్గిపోతుంది, డొక్కలో గట్టి దెబ్బలు తింటాడు, తాళ్లకి ఒకసారి ఆనుకుంటాడు. మూడో రౌండులో మెడ పట్టడం మొదలుపెడతాడు. నాలుగు, అయిదు రౌండ్లలో ఒక హుక్ తగులుతుంది, అలీ కింద పడతాడు. పడకుండా ఈ ఫైట్ పూర్తవుతుందని నేను అనుకోను. అక్కడ దాటితే ఆరు నుంచి టైసన్ తల కదలిక తగ్గుతుంది, పంచ్‌లు నాలుగు కలిసి రావడం పోయి ఒక్కొక్కటిగా వస్తాయి. టక్కర్ మీద రెండో సగంలో అదే జరిగింది. జాబ్ తగలడం మొదలవుతుంది, కళ్ల కింద వాపు వస్తుంది, అలీ మాటలు మొదలుపెడతాడు. పదో రౌండుకి ఆ నడినెత్తి కనిపిస్తుంది. అప్పుడు కావాలంటే అప్పర్‌కట్ వెయ్యమనండి. పదకొండు, పన్నెండు రౌండ్లలో టైసన్ నిలబడే ఉంటాడు, పడిపోడు, అతని గుండె ధైర్యాన్ని నేనెప్పుడూ శంకించను. కానీ తిరిగి కొట్టడం ఆగిపోయి రిఫరీ మధ్యలోకి వస్తాడు.

ఇదంతా అయిదో రౌండులో అలీ లేస్తాడన్న నమ్మకం మీద నిలబడి ఉంది, అది నాకూ తెలుసు. లేస్తాడని ఎందుకు అంటున్నానంటే, 1971 ఫైట్‌లో ఆ పదిహేనో రౌండు హుక్‌ని స్లోమోషన్‌లో ఆపి ఆపి చూశాను. గడ్డం మీద పూర్తిగా పడింది, కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి, వీపు మీద పడ్డాడు. మూడున్నరేళ్లు ఆట లేక, అప్పటికి పద్నాలుగు రౌండ్లు దెబ్బలు తిన్న ఒంటితో. రిఫరీ లెక్క నాలుగు దాటేలోపే నిలబడి ఉన్నాడు. మిగిలిన రౌండంతా ఆడాడు.